వంగడంలోంచి పుట్టిన సంతోషం

మేం దేశం వదిలొచ్చి స్థిరపడ్డ అరోరాలో మా పక్కిల్లు లిథుయేనియా నుంచి వచ్చిన ముసలి దంపతులది. ఆ పెద్దాయన నా కోతలకి ప్రథమ శ్రోత. మా ఊళ్ళో ఎండాకాలం మా గేదె పాలు మానేసి నేరుగా పెరుగే ఇచ్చేదని చెబితే, కంచె పట్టుకుని కళ్ళు తుడుచుకునేవారు. "మరి తోడెవరు వేసేవారు?" అని అడిగేవారు. అలాంటి శ్రోత దొరకడం పూర్వజన్మ సుకృతం.

పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. ఇంగ్లీషంతా పోయి చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలింది. నవ్వూ పోయింది. ఇంట్లో చూసుకోవడం తన వల్ల కాక, పెద్దావిడ నర్సింగ్ హోమ్‌కి ఒప్పుకుంది. తీసుకెళ్ళే రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

"వెళ్ళేముందు ఒక్కసారి నవ్వించు. నీవల్లే అవుతుంది."

"వెళ్ళండి," అంది మా ఆవిడ. "ఆ గేదెని మాత్రం మళ్ళీ తోలుకెళ్ళకండి. పాపం, అదీ ముసలిదైపోయింది."

తోలుకెళ్ళాను. ఇంగ్లీషులో చెప్పాను, తెలుగులో చెప్పాను, చివరికి గేదెలా అరిచాను కూడా. చక్రాల కుర్చీలో ఆయన నన్ను చూశారు, తర్వాత గోడని చూశారు.

"మా ఊళ్ళో ఈయన్ని లింక్స్మాస్ అనేవాళ్ళు," అంది పెద్దావిడ, ఆయనకి కోటు తొడుగుతూ. "సంతోషంగా ఉండే మనిషని. ఆ మాట వంగడం అనే మాటలోంచి పుట్టిందంటారు. పచ్చికొమ్మలా వంగగలిగినవాడే హాయిగా ఉంటాడని కాబోలు."

మన దగ్గర 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నది బెదిరింపు. బళ్ళో వంగమన్నారంటే వీపు మోగడానికే. అందులోంచి సంతోషాన్ని తీసినవాళ్ళున్నారని నేనెరగను. ఆవిడ ఎంత ప్రయత్నించినా ఆయన మోచెయ్యి మడత పడలేదు. కోటు భుజాలమీద కప్పి ఊరుకుంది.

బయట వ్యాన్ ఆగింది. నా దగ్గర కథలు అయిపోయాయి. ఏం తోచక, పెద్దవాళ్ళ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు మనం చేసే పనే చేశాను. వంగి ఆయన పాదాలు ముట్టుకున్నాను. ఆయన బెదిరిపోయి కాళ్ళు వెనక్కి లాక్కోబోయారు. గొంతు చించుకుని ఏదో అరిచారు.

"ఏమంటున్నారండీ?"

పెద్దావిడ ఆయన భుజాలమీద జారిన కోటు సర్దింది.

"బూట్లు తీసుకోవద్దంటున్నాడు. అవి లేకపోతే ఇంటికి తిరిగెలా రావాలంటున్నాడు."

తీసుకోవడం లేదని ఏ భాషలో చెప్పను? ఒక లేసు వదులుగా ఉంది. బిగించి ముడేశాను. ఆయన నా వేళ్ళనే చూస్తూ, మెల్లగా రెండో కాలు ముందుకి చాపారు. ఆ లేసు గట్టిగానే ఉంది. అయినా ఇంకో ముడి వేశాను. డ్రైవర్ తలుపు కొట్టాడు.