ఖాలా పాన్‌దాన్‌ల ఓడ మందులు

ఒక్క సాయంత్రం పూట ఊరి పెద్దమనుషులందరిని జొన్న చేన్లకు ఉరికిచ్చినోడు ఎవడని అడిగితే, మా షంషాబాద్‌ల మిగిలిన ఒకరిద్దరు ముసలోళ్లు ఇయ్యాల్టికి నా దిక్కే చెయ్యి చూపెడ్తరు. నేను కట్టె పట్టలే, కొట్లాటకు పోలే. మందులు సర్దిన, అంతే. శ్రద్ధగ, తెలివితోని సర్దిన. ఆ తెలివే నన్ను ముంచింది. ఎట్ల మునిగిన్నో చెప్త, జర ఓపిక పట్టుండ్రి. నడుమ నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేమనుకోను, అలవాటైంది.

రెండో పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తల ముచ్చట ఇది. నాకు ఇరవై రెండేండ్లు. ఊర్లె ఉన్న చిన్న దవాఖానల కంపౌండర్ని. డాక్టర్ కంటే ఒక్క మెట్టే కింద అని నేననుకునేటోన్ని, నడుమ ఎన్ని మెట్లున్నయో డాక్టర్ సాబ్‌కు తెలుసు.

మా ఇంటికి, రహీమా ఖాలా ఇంటికి నడుమ ఒక్క మట్టి గోడ. ఖాలా అంటే చిన్నమ్మ, వరుసకు గట్ల పిలిచేటోన్ని. మా అవ్వ కైకిలి పనికి పోతే నేను ఖాలా మంచం కిందనే ఆడుకుంట పెరిగిన. పెనిమిటి పోయినప్పటి సంది ఆమెకు ఒక్కటే కోరిక, హజ్‌కు పోవాలె. యుద్ధం నడిచినన్ని దినాలు ఆగింది. ఇగ బొంబాయి కాడ ఓడ దొరుకుతుందని తెల్వంగనే కొడుకు కరీమన్నను తోడు తీసుకోని బయల్దేరింది. అంత మంచిగనే ఉన్నది గాని ఆమెకు దమ్ము రోగం. దుమ్ము లేస్తే దమ్ము, ఏడిస్తే దమ్ము, నవ్వితే గూడ దమ్ము. బొంబాయిల ఓడ ఎక్కేముందు డాక్టర్లు నాడి వట్టి చూస్తరట, ఎగపోస్తున్నోళ్లను ఎనకకు పంపుతరట. అంటే మందు ఉంటే హజ్ ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

మా డాక్టర్ సాబ్ కోస్తా దిక్కు మనిషి. మాట మెత్తగ ఉంటది, మర్యాదగ తిడ్తడు. మూడు సీసాలు నా ముందట పెట్టిండు.

"చూడు మల్లేశం. ఇది ఆయాసానికి, ఇది జ్వరానికి, ఇది విరేచనానికి. ఓడలో కదలకుండా కూర్చుంటే కడుపు బిగుస్తుంది. సీసా మీద చీటీ చింపవద్దు. ఒక సీసాలోది ఇంకొక దాంట్లో పోయవద్దు. పెట్టెలో అసలు పెట్టవద్దు, పెట్టెలు ఓడ అడుక్కి పోతాయి. ఆవిడ చేతి సంచిలోనే ఉండాలి. అర్థమైందా?"

"అయ్యింది సాబ్."

"ఏమర్థమైంది?"

"అన్ని, సాబ్."

ఖాలా ఇంటికి తెచ్చి మూడు సీసాలను వరుసకు పెట్టి చూసిన. మూడు ఒక్క తీరుగనే ఉన్నయి. చీటీలేమో ఇంగ్లీషుల. ఖాలాకు ఉర్దూ చదువే రాదు, పైంగ కండ్లకు పొర. ఓడ ఊగుతుంటే ఆమె ఏ సీసా పట్టుకుంటదో ఏమో. నడిమిట్ల కింద పడి పలుగుతే? డాక్టర్ సాబ్ చదువుకున్నడు గాని ఖాలాను నాకంటే ఎక్కువ ఎరుగునా?

గప్పుడు నా కన్ను ఖాలా పాన్‌దాన్ మీద పడ్డది. ఇత్తడిది, గుండ్రంది, లోపట చిన్న చిన్న గిన్నెలు. సున్నం ఎక్కడ, కాచు ఎక్కడ, వక్క ఎక్కడ అని ఆమె చూసేదే లేదు. నలభై ఏండ్ల సంది వేలు దానంతటదే పోతది. చేతి సంచిల ఆ పాన్‌దాన్ లేకుంట ఆమె గల్లి గూడ దాటదు. ఇంతకన్న మంచి మందుల డబ్బ దునియాల ఉంటదా, మీరే చెప్పుండ్రి.

ఇగ మొదలువెట్టిన. దమ్ము మందు తెల్ల పొడి, సున్నం గిన్నెల పోసిన. కడుపు సాఫ్ చేసే జులాబు పొడి కాచు రంగుల ఉంటది, కాచు గిన్నెల పోసిన. జరం గోలీలు చిన్నయి, వక్క గిన్నెల పోసిన. రంగుకు రంగు కలిస్తే ఖాలాకు యాదికుంటదని నా లెక్క. ఇంకొక తెలివి గూడ చేసిన. సముద్రం గాలికి పొడులు ఎగిరిపోతయేమోనని రెండిట్ల తేనె కలిపి ముద్దలు చేసిన. చేసి చూసుకుంటే ఏది మందో ఏది సున్నమో నాకే తెల్వకుంట అయ్యింది. ఎంత మంచిగ కుదిరిందని మురిసిన.

అసలు కాచు, సున్నం, వక్కలు ఒక రేకు డబ్బల పోసి పెద్ద పెట్టె అడుగున పెట్టిన. సీసాలు ఖాళీ అయినయి గద, చీటీలు గీకి, కడిగి, నూనె పోసుకొమ్మని మా అవ్వకు ఇచ్చిన. ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పలే. ఇంట్ల గడబిడ ఉన్నది, టేషన్‌ల నిమ్మలంగ కూసున్నంక ఖాలాకు చూపెట్టి శెభాష్ అనిపించుకుందామనుకున్న.

ప్రయాణం దినం పగటాల్ల దాటంగనే నేను బండి కట్టిచ్చుకరానీకి కొత్వాల్‌గూడ దిక్కు పోయిన. తిరిగొచ్చెటాల్లకు ఖాలా వాకిట్ల ఇసుక పోస్తే రాలనంత మంది. పట్వారీ సాబ్, మసీదుల నమాజ్ చదివిచ్చే పేష్‌మామ్ సాబ్, మా డాక్టర్ సాబ్, ఇంకా నలభై మంది దాంక. హజ్‌కు పోయేటోళ్ల చేతి నుంచి ఏది అందుకున్నా బరకత్, మేలు జరుగుతదని మా దిక్కు నమ్మకం. ఖాలా మంచం మీద కూసోని ఏడ్చుకుంట, నవ్వుకుంట, వచ్చినోళ్లకు వచ్చినట్టు పాన్ బీడలు కట్టి ఇస్తుంది.

అందరి దవుడలు ఆడుతున్నయి. అయితే ఒక్కని పెదవి గూడ ఎర్రగ లేదు.

"ఏంది ఖాలా, నోరు పండుతలేదు?" అని పట్వారి అడుగుతుండు.

"కాచు కొత్తది కావచ్చు పట్వారీ సాబ్. ఇంకోటి తీసుకో."

"తియ్యగైతే మస్తున్నది. ఆఖరికి జర చేదు తగులుతుంది."

"హజ్‌కు పోయే చేతి బీడ. చేదున్నా ఉమ్మొద్దు, మింగాలె" అన్నడు పేష్‌మామ్ సాబ్. ఆయన మూడోది నములుతుండు.

మందిల నుంచి దూరి పాన్‌దాన్‌లకు తొంగి చూసిన. మూడు గిన్నెలు కడిగినట్టు ఉన్నయి. కరీమన్నను గోడ పక్కకు గుంజుకపోయిన.

"కరీమన్నా, అండ్ల ఉన్నది కాచు కాదే."

"మరేంది?"

"జులాబు మందు."

కరీమన్న వాకిలంత ఒక్కసారి చూసిండు.

"ఎంతమంది తిన్నరన్నా?"

"తిననోళ్లు ఎవరని అడుగు. మరి సున్నం?"

"దమ్ము మందు."

అప్పటిదాంక ఆయన మొఖంల నవ్వు వచ్చేటట్టే ఉండె. ఆ మాటకు పోయింది. "అమ్మ మందు మొత్తమా? ఓడకని తెచ్చిందంతనా?"

నేను తల ఊపిన.

"ఇగ రైలు టైమైంది, మేము బయల్దేరుతం. నువ్వు దవాఖానకు ఉరుకు. మందు లేకుంట టేషన్‌కు రాకు" అన్నడు. నాకు ఏడుపొచ్చింది గాని ఏడ్చే సమయం లేకుండె.

ఉరికిన. డాక్టర్ సాబ్ అప్పటికే ఇంటికి పోయిండు. ఆయన భార్య వాకిట్ల నిలబడి, "పెరట్లో ఉన్నారయ్యా, ఇది రెండోసారి" అన్నది. పెరట్ల రేకు తలుపు ముందట నిలబడ్డ.

"సాబ్, అల్మారి తాళం చెవి కావాలె."

"ఇప్పుడెందుకు?"

"ఖాలా మందులు మల్ల కట్టాలె."

"మూడు సీసాలిచ్చానుగా."

"సీసాలు లేవు సాబ్. మా అవ్వ నూనె పోసుకున్నది."

"మందులో?"

"పాన్‌దాన్‌ల పెట్టిన సాబ్."

తెలివిగల్ల మనిషి, లెక్క కట్టుకుంటుండని నాకు తెలుస్తనే ఉన్నది.

"మల్లేశం. నేను రెండు కిళ్లీలు తిన్నాను."

"చూసిన సాబ్."

తలుపు కింది నుంచి తాళం చెవి బయటికొచ్చింది. "వెళ్లి మూడు సీసాలూ నింపు. చీటీలు రాసి తెచ్చి ఇక్కడ నిలబడి చదువు. నేను వినకుండా ఒక్క సీసా కూడా ఊరు దాటడానికి వీల్లేదు."

దవాఖానకు ఉరికిన, నింపిన, పాత చీటీల తీరుగనే ఇంగ్లీషుల రాసిన, గంజి వెట్టి అతికిచ్చిన, మల్ల పెరట్లకు ఉరికొచ్చిన. ఆ తలుపు ముందట సీసాలు పట్టుకోని బళ్లె పిల్లగాని లెక్క తెలుగుల చెప్పుకుంట చదివిన. "దమ్ముకు, పొద్దున ఒక చెంచ, రాత్రి ఒక చెంచ."

"పేరు రాశావా? ఆవిడ పేరు?"

"రాసిన సాబ్."

"రెండోది చదువు... ఆగు." ఆగిన. "ఆ, ఇప్పుడు చదువు."

మూడోది చదివేటప్పుడు మూడుసార్లు ఆగాల్సొచ్చింది. ఎందుకంటే అది జులాబుది, పేరు ఇనంగనే ఆయనకు మల్ల మొదలైతుండె.

అక్కడి నుంచి ఉమ్దానగర్ టేషన్ దిక్కు బాట పట్టిన. బాటకు రెండు దిక్కుల మనిషెత్తు జొన్న చేన్లు. బండి ఎన్క ఊరంత నడుచుకుంట పోయింది గద, నాకు ముందట ఒక్క మనిషి గూడ కనవడ్తలేడు. బాట మీద చెప్పులే ఉన్నయి. ఇక్కడ ఒక జత, అక్కడ ఒక జత. గాలి లేకున్నా జొన్నలు కదులుతున్నయి. ఇయ్యాల ఇమానాలు ఉరుకుతున్నయే, ఆ దిక్కుకే ఆ దినం మా పెద్దమనుషులు గూడ ఉరికిండ్రు. ఇమానాలకంటే జోరు మీదున్నరని నా అంచనా.

టేషన్‌కు పోయెటాల్లకు ఖాలా బల్ల మీద ముందటికి ఒంగి కూసున్నది. బాట దుమ్ముకు దమ్ము లేసింది. చాతిల కూత దూరంకే ఇనవడ్తుంది. కరీమన్న ఈపు రాస్తుండు. నేను సీసా మూత తీసి, చీటీ రెండుసార్లు చదివి, ముంతల నీళ్లతోని మందు తాపిన. ఆమె ఊపిరి కుదుట పడేదాంక నా ఊపిరి నేను తీసుకోలే. గా కొంచెం సేపు నేనేం జోకులు చెప్ప, ఎందుకంటే గప్పుడు నాకేం తోచలే.

జర నిమ్మలమైనంక ఆమె తల లేపి చూసింది. "ఊరోళ్లంత ఏమైండ్రు బేటా? నా ఎన్కనే వస్తుండ్రి గద."

చెప్పిన. తేనె కలిపిన సంగతితోని సహా చెప్పిన. చెంప మీద ఒక్కటిస్తదనుకున్న. ఇస్తే మంచిగుండు.

"నా చేతితోనే ఇచ్చిన గద" అన్నది.

హజ్‌కు పోయేటోళ్లు పోయేముందు ఊరందరిని మాఫీ అడుగుతరు. తెలిసీ తెల్వక చేసిన తప్పులు మన్నించుండ్రి అని. ఖాలా వారం దినాలు ఇల్లిల్లు తిరిగి, చేతులు పట్టుకోని అడిగింది. ఇగ ఇప్పుడు అందరిని కొత్తగ బాధ పెట్టింది. ఆమె సంచి దగ్గరికి గుంజుకోని బల్ల మీద సాపుగ కూసున్నది.

"ఆళ్లు మాఫ్ చెయ్యకుంట నేను రైలెక్క."

"అమ్మా, సిగ్నల్ వడ్డది" అన్నడు కరీమన్న.

"పడనియ్యి. ఊరి గోస ఎత్తుకోని నేను ఆ గడప ఎట్ల తొక్కుత?"

ఇగ నేను మల్ల ఉరికిన. ఆ దినం నేను నడిచింది లేదు. చేన్ల ఒడ్డు మీద నిలబడి కేకేసిన.

"పట్వారీ సాబ్, యాడున్నవ్?"

"ఇటు రాకు" అని జొన్నల్ల నుంచి వచ్చింది.

"రాను. ఖాలా మాఫీ అడుగుతుంది. మాఫ్ చెయ్యకుంటే రైలెక్కనని కూసున్నది."

"పాపం ఆమెకేం తెలుసు. మాఫ్ చేసిన అని చెప్పు."

"పేష్‌మామ్ సాబ్?"

ఇంకా లోపటి సాలు నుంచి గొంతు లేసింది. "మాఫ్ చేసిన. నా కోసం దువా చెయ్యమను. జల్ది చెయ్యమను."

గట్ల చేను చేనుకు ఉరికి అడిగిన. ఒక్కొక్క దిక్కు నుంచి మాఫ్, మాఫ్ అని వస్తనే ఉన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఎంత మంచోళ్లు మా ఊరోళ్లు అనుకోని, అదే ఊపుల అడిగిన, "మరి నన్ను?"

జొన్నల్ల నుంచి ఒక మట్టి పెళ్ల వచ్చి నా ఈపుకు తగిలింది.

"ఆమెకు మాఫ్. నీకు లేదు" అన్నడు పట్వారి. "మేము బయటికొచ్చేదాంక జర ఆగు, చెప్తం."

నేను ఆగలే. రైలు పొగ కనవడ్తుంటే టేషన్‌కు ఉరికిన.

"అందరు చేసిండ్రా?" అని ఖాలా అడిగింది.

"అందరు ఖాలా."

"డాక్టర్ సాబ్?"

ఆయన్ను అడిగిందే లేదు. అబద్ధం చెప్పి హజ్‌కు సాగదోలుడు ఎట్ల? "మాఫ్ అని నోటితోనైతే అనలే ఖాలా. తలుపు కింది నుంచి తాళం చెవి ఇచ్చిండు."

"ఆ తిప్పలల్ల గూడ ఇచ్చిండంటే మాఫ్ చేసినట్టే" అని లేసింది. రైలు మెట్టు మీద కాలు పెట్టి, మల్ల తిరిగింది. "నిన్ను చేసిండ్రా?"

"నన్ను చెయ్యలే."

ఆమె నవ్వింది. నవ్వితే దమ్ము లేస్తదని నేను సంచిల చెయ్యి పెడ్తుంటే నా చెయ్యి పట్టుకున్నది. "నేను చేసిన పో. పాగల్" అన్నది.

కొన్ని నెలలకు సల్లగ తిరిగొచ్చింది. బొంబాయిల డాక్టర్ ఆమె సంచి చూసి, సీసాల మీది చీటీలు చదివి, పో అమ్మా అన్నడట. ఆమె ముందటి ముసలామె ఉత్త పొట్లాలు తెచ్చుకోని, ఏ పొట్లం దేనికో చెప్పలేక పొద్దుందాంక కూసున్నదట. ఆ ముచ్చట ఖాలా ఊరందరి ముందట చెప్పింది, నా దిక్కు చూసుకుంట.

అదే దినం, అదే వాకిలి, అదే మంది, అదే పాన్‌దాన్. ఖాలా బీడలు కట్టి పళ్లెంల పెట్టింది. హాజీ చేతి బీడ, బరకత్‌కు బరకత్, అయినా ఒక్క చెయ్యి ముందటికి రాలే. అందరు నా దిక్కే చూస్తుండ్రు.

"ముందు కంపౌండర్ తినాలె" అన్నడు పట్వారి.

తిన్న. నలభై మంది నా నోరు దిక్కు చూసుకుంట కూసున్నరు. డాక్టర్ సాబ్ జేబుల నుంచి గడియారం తీసి పట్టుకున్నడు. నా పెదవి ఎర్రగైంది, అయినా ఎవ్వరు కదల్లే. గంట నిండినంక, నేను కూసున్న కాన్నుంచి లేవలేదని రూఢి చేసుకోని, పేష్‌మామ్ సాబ్ పళ్లెం గుంజుకున్నడు. "ఇగ మాఫ్" అన్నడు.

కాబట్టి చదివేటోళ్లందరి సాక్షిగ ఇయ్యాల మల్ల ప్రమాణం చేస్తున్న. ఏ మందు ఏ సీసాల వస్తే ఆ సీసాలనే ఉండనిస్త. చీటీ గీక. తేనె కలప. ప్రయాణం పోయేటోళ్ల మందుల సంచి జోలికి ఊపిరి ఉన్నంతదాంక పోను. ఈ ప్రమాణం నిలుపుకోనీకి నేను పెద్దగ కష్టపడేదేం లేదు, ఎందుకంటే మా ఊర్ల ఎవ్వరు ఏ ఊరికి పోతున్నా, నేను గడపల కాలు పెట్టంగనే ముందు మందుల సంచి దాస్తరు, అటెన్క పాన్‌దాన్ దాస్తరు.