తాళం తీసినా వెలిగిన ఈక్వలైజర్

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోయిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, ఎల్.బి.నగర్‌లో నేను పనిచేసే కార్ల వర్క్‌షాపులో నాకు యాక్సెసరీస్ విభాగం కూడా అప్పగించారు. అప్పటికి నేను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. రిటైర్మెంటుకు ఏడాదికి పైగా ఉంది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: "ఇకమీదట సీటు కవర్లూ పాటల పెట్టెలూ కూడా నావే."

యాక్సెసరీస్ విభాగమంటే కారు నడవడానికి అక్కర్లేని వస్తువులన్నీ బిగించే చోటు. అందులో పెద్దదిక్కు కిరణ్. నలభై దాటిన మనిషి. విజిటింగ్ కార్డు మీద "సౌండ్ ఇంజనీర్" అని అచ్చు వేయించుకున్నాడు. ఏ కాలేజీ ఇంజనీరో నేను అడగలేదు, అతను చెప్పలేదు. చెయ్యి మాత్రం శుభ్రంగా ఆడేది. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మీద గీత పడకుండా ఊడదీసి, అంతే శుభ్రంగా బిగించేవాడు. పైకి కనిపించే పని బాగుంటే లోపలి తీగల గురించి ఎవరూ అడగరని అతనికి బాగా తెలుసు.

స్టీరియో బిగించడంలో ముఖ్యమైనవి మూడు తీగలు. పసుపు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, అందులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఎర్ర తీగలో తాళం తిప్పితేనే వస్తుంది. నీలం తీగ స్టీరియో నుంచి బయలుదేరి, డిక్కీలో ఉండే యాంప్లిఫయర్‌కు ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో చెబుతుంది. ఈ మూడూ ఎక్కడివక్కడ ఉంటే బండికి ఏ బాధా లేదు.

జూలైలో భిక్షపతి సేఠు కారు వచ్చింది. ఆయనది పోచంపల్లి నేత కుటుంబం. తండ్రి మగ్గం నేసిన మనిషి, ఈయన దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల షాపు నడుపుతాడు. కొత్త కారులో కంపెనీ ఇచ్చిన స్టీరియో బాగానే ఉంది. అది తీయించి పెద్ద తెర ఉన్నదొకటి, యాంప్లిఫయర్ ఒకటి, డాష్‌బోర్డులో ఏడు మీటల ఈక్వలైజర్ ఒకటి పెట్టమన్నాడు. ఈక్వలైజర్ పని సన్న శబ్దాన్నీ లావు శబ్దాన్నీ విడివిడిగా పెంచడం, తగ్గించడం. సేఠు ఏడు మీటల్నీ చివరిదాకా పైకి తోసి, ఇప్పుడు బాగుందన్నాడు. అన్నీ పైకి తోసేవాడికి ఈక్వలైజర్ ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కిరణ్ పక్కన నిలబడి తల ఊపాడు.

పని ముగిశాక తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది నేను. పాట వస్తోందా, హారన్ మోగుతోందా, లైట్లు వెలుగుతున్నాయా చూశాను. డాష్‌బోర్డు విప్పించి జాయింట్లు చూడలేదు. సంతకం పెట్టాను.

ఆగస్టులో ఆ కారు రెండుసార్లు స్టార్టు కాలేదు. రెండోసారి మా మెకానిక్ వెళ్లి వేరే బ్యాటరీ తగిలించి నడుపుకొచ్చాడు. ఇక్కడ జాబ్ కార్డు గురించి చెప్పాలి. ప్రతి బండికీ ఒక కాగితం ఉంటుంది, అందులో మూడు గడులు. మొదటి గడిలో కస్టమర్ చెప్పిన ఫిర్యాదును సర్వీస్ అడ్వైజర్ రాస్తాడు. రెండో గడిలో పరీక్షించి తేల్చిన కారణం ఫోర్‌మన్ రాస్తాడు. మూడో గడి చేసిన పనికి. మొదటి గడిలో ఇలా ఉంది: "డ్రైవర్ ఇంజన్ ఆపి గంటలకొద్దీ పాటలు వింటున్నాడు, బ్యాటరీ దిగిపోతోంది."

అది ఫిర్యాదు కాదు, తీర్పు. అయినా మా వర్క్‌షాపుల్లో ఒక అలవాటు ఉండేది. బ్యాటరీ మంచిదేనని తేలి, ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ దాన్ని సరిగ్గా చార్జ్ చేస్తుంటే, మొదటి గడిలో ఉన్నదాన్నే భాష మార్చి రెండో గడిలోకి దించేస్తాం. బండి ఆపి ఉన్నప్పుడు కరెంటు ఎటు పోతోందో వెతకాలంటే గంటన్నర పడుతుంది. ఆ రోజు షెడ్డులో పంతొమ్మిది బండ్లున్నాయి. బ్యాటరీని పరీక్షించాను, మంచిది. ఆల్టర్నేటర్‌ను పరీక్షించాను, మంచిది. రెండో గడిలో "ఇంజన్ ఆపి ఆడియో అధికంగా వాడటం వల్ల" అని రాసి సంతకం చేశాను. అప్పుడు ఈక్వలైజర్ నీలం లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బండి తాళం నా చొక్కా జేబులో ఉంది. నేను చూశాను. చూసి కూడా ఆలోచించలేదు.

రెండు రోజుల తర్వాత సైదులు వచ్చాడు. సేఠు డ్రైవర్. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవాడు. సేఠు దగ్గర నాలుగేళ్లుగా బండి నడుపుతున్నాడు. సేఠు ఆ జాబ్ కార్డును షాపులో అందరి ముందు చదివి, దొంగతనంగా బండి వాడుకునేవాడు నాకొద్దని తాళాలు లాక్కున్నాడట. వీధిలో మిగతా షాపుల వాళ్లకు కూడా చెప్పాడట. ఇక ఆ రోడ్డు మీద ఎవరూ తనను పెట్టుకోరని సైదులు చెప్పాడు. అతను గొంతు పెంచలేదు.

"నేను పాటలు ఇనే మనిషినే కాదు సార్. గా డబ్బా పెట్టిన కాడికెల్లి నాకు తలకాయ నొప్పి. సేఠు దిగంగనే నేను గూడ దిగి బయట నిలవడత. షాపు ముంగట వాచ్‌మెన్‌ను అడుగుండ్రి."

పరీక్షల్లో బ్యాటరీ, ఆల్టర్నేటర్ బాగున్నాయనీ, మిగిలింది వాడకమేననీ అతనికి చెప్పాను. అలాంటప్పుడు మేము చెప్పే మాట అదే.

"మరి నేను వాడంగ మీరు చూసిండ్రా సార్?" అని అడిగాడు.

చూడలేదన్నాను.

"మరెట్ల రాసిండ్రు?"

కార్డు క్లోజ్ అయింది, ఇక మార్చడానికి వీల్లేదని మాత్రం చెప్పి పంపేశాను. నియమం అదే. ఆ నియమం ఆ క్షణాన నాకెంత పనికొచ్చిందో డైరీలో రాసుకున్నాను.

తర్వాత తొమ్మిది రోజులకు ఆ కారు మళ్లీ లాగుడు బండి వెనక వచ్చింది. వెంట ఆటోలో సేఠు. ఈ తొమ్మిది రోజులూ బండి నడిపింది ఆయనే. ఇప్పుడేమంటారని అడిగితే ఆయన ఏమాత్రం తడబడలేదు. సైదులు కోపంతో మారు తాళం చేయించుకుని ఉంటాడనీ, చాటుగా వచ్చి పాటలు పెట్టి పోతున్నాడనీ అన్నాడు. ఒక మనిషి పగ తీర్చుకోవడానికి మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి, శత్రువు కారులో కూర్చుని పాటలు విని వెళ్తాడట. సర్వీస్ అడ్వైజర్ దాన్ని కూడా మొదటి గడిలో రాసుకోబోయాడు. నేను పెన్ను తీసుకున్నాను.

ఈసారి చేయాల్సిన పరీక్ష చేశాను. బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, దాని నెగటివ్ తీగ విప్పి, మధ్యలో అమ్మీటర్ కలిపాను. బండి ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు బయటికి పోతోందో అది చూపిస్తుంది. బానెట్ తెరిచే ఉంచి, తలుపులు వేసినట్టు బండికి అనిపించేలా గొళ్లేలను స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి నలభై నిమిషాలు ఆగాను. సేఠు కుర్చీలో కూర్చుని, ఇంతసేపు నిలబడి చూడటానికి ఇందులో ఏముందని రెండుసార్లు అడిగాడు.

ఆరోగ్యంగా ఉన్న బండి ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు కూడా తీసుకోదు. ఇది దగ్గర దగ్గర రెండు ఆంపియర్లు తీసుకుంటోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. ఆడియో ఫ్యూజు పీకగానే ముల్లు సున్నా దగ్గరికి పడింది. సేఠును లేపి చూపించాను. కిరణ్‌ను పిలిచి డాష్‌బోర్డు విప్పమన్నాను.

లోపల ఈక్వలైజర్ తీగను ఎర్ర తీగకు కలపాల్సింది పోయి పసుపు తీగకు కలిపి ఉంది. యాంప్లిఫయర్ నీలం తీగనూ అక్కడికే తెచ్చి, మూడింటినీ మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. అంటే తాళం తీసినా ఈక్వలైజర్ వెలుగుతుంది, డిక్కీలో యాంప్లిఫయర్ మేలుకునే ఉంటుంది. పాట రాకపోయినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. సేఠు ఇంటి నుంచి షాపుకు నడిపే కాస్త దూరంలో ఆల్టర్నేటర్ ఆ లోటు పూడ్చలేదు.

ఇంజనీరు గారిని ఇదేమిటని అడిగాను. అతను నా వైపు చూడకుండా సేఠు వైపు చూశాడు.

"నన్నంటే ఏం లాభం సార్. సేఠే చెప్పిండు. షాపు ముంగట బండి నిలవెడితే లైట్లు కనవడాలె, తాళం తీసినా ఆగొద్దన్నడు. ఎర్ర తీగకు కలుపుతె ఆగిపోతయని చెప్పిన, ఆగకుండ చెయ్యమన్నడు."

సేఠు కాదనలేదు.

"నేనే అన్న. అయితే ఏంది? జీరో బల్బంత లేదు గా లైటు. గది బ్యాటరీని తింటదా?"

ఈ సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరూ అడగలేదన్నాడు. అది నిజం. డ్రైవర్ పాటలు విన్నాడో లేదో కూడా ఎవరూ అడగలేదు.

అప్పటికి సర్వీస్ మేనేజర్ ప్రసాద్ గారు కిందికి వచ్చారు. విజయవాడ నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి, మర్యాదస్తుడు. తప్పుడు పనిని కూడా మర్యాదగానే అడుగుతారు. నన్ను పక్కకు తీసుకెళ్లారు.

"రామచంద్రం గారూ, 'లూజ్ కనెక్షన్ సరిచేశాం' అని రాసేయండి, సరిపోతుంది. బిగించింది మనం, తనిఖీ సంతకం మీది. మన తప్పు మనమే రాసుకుంటామా చెప్పండి? ఆ డ్రైవరేమన్నా మన కస్టమరా?"

ఆ డ్రైవర్ ఉద్యోగం పోయింది మన కాగితం వల్లేనని చెప్పాను. ఆయన నిట్టూర్చి, పై నుంచి ఎవరైనా అడిగితే మాత్రం తనకేమీ తెలియదనే చెబుతానన్నారు. ఆయన విషయంలో అది కొత్తేమీ కాదు.

రెండో గడిలో ఇలా రాశాను: "ఈక్వలైజర్, యాంప్లిఫయర్ తీగలను తాళంతో సంబంధం లేకుండా కలపడం వల్ల నిరంతర విద్యుత్ వినియోగం. బిగింపు ఈ వర్క్‌షాపులోనే యజమాని కోరిక మేరకు జరిగింది. తనిఖీలో గమనించలేదు. గత కార్డులో రాసిన కారణం తప్పు. డ్రైవర్ వాడకానికి సంబంధం లేదు." కింద పాత కార్డు నెంబరు వేశాను. క్లోజ్ అయిన కార్డును మార్చలేం గానీ, కొత్త కార్డులో దాన్ని రద్దు చేస్తూ రాయడానికి ఏ నియమమూ అడ్డు రాదు. సైదులు వచ్చిన రోజున కూడా అడ్డు లేదు.

స్టాంపు వేసిన ప్రతిని మర్నాడు పొద్దున సైదులుకు ఇచ్చాను. అతను నన్నే చదవమన్నాడు. చదివాను. "డ్రైవర్ వాడకానికి సంబంధం లేదు" అన్న చోట మళ్లీ చదవమన్నాడు. ఆ కాగితం పట్టుకుని నేరుగా షాపుకు వెళ్లి, తనను తిట్టినప్పుడు ఎవరెవరు ఉన్నారో వాళ్లందరి ముందూ కౌంటరు మీద పెట్టాడని వాచ్‌మెన్ ద్వారా తెలిసింది. సేఠు కాగితం చదివి, రేపటి నుంచి పనికి రమ్మన్నాడట. క్షమించమని అడగలేదు. పనికి రమ్మనడమే పెద్ద మాటని ఆయన ఉద్దేశం. సైదులు వెళ్లలేదు. ఆ కాగితమే చూపించి మీర్‌పేట్‌లో ఒక స్కూలు బస్సు మీద చేరాడు.

కారులోని లైట్లు మాత్రం సేఠు వదులుకోలేదు. విడిగా స్విచ్ పెట్టించుకున్నాడు. దాన్ని ఆపడం మరచిపోయి నెల తిరగకుండానే మళ్లీ బ్యాటరీ దింపుకున్నాడు. ఈసారి మొదటి గడిలో కారణమేమీ రాయించలేదు. బండిలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

కిరణ్ విజిటింగ్ కార్డు మారలేదు. ప్రసాద్ గారికి మరుసటి ఏడాది పెద్ద బ్రాంచి ఇచ్చారు. నాకు ఒక హెచ్చరిక లేఖ వచ్చింది, దానికి తగినంత పని నేను చేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, బండి ఆపి కరెంటు కొలవకుండా "వాడకం" అనే మాట నా జాబ్ కార్డుల్లో రాయలేదు. షెడ్డులో ఎన్ని బండ్లున్నా సరే. భిక్షపతి సేఠు సైదులును అనుమానించాడు. ఆయన ఎవరినైనా అనుమానిస్తాడు, అది ఆయన స్వభావం. నాలుగేళ్లుగా ఉన్న మనిషిని పని నుంచి తీసేయడానికి ఆ అనుమానం ఒక్కటే చాలలేదు. దానికి ఒక ఫోర్‌మన్ సంతకం కావాల్సి వచ్చింది. అది నేను పెట్టాను.