పైకప్పు చూసే కాక

ఇటలీ పల్లెలో మా పక్క క్వార్టర్ కాక ఉన్న గదిని ఎంచింది నేనేనని మా ఇంట్లో కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కాక, బాయిలో కప్పు కూలుతుందేమోనని చూసుకునే అలవాటుతో, ఎవరింటికి పోయినా పైకప్పును తేరిపార చూశాకే కూర్చునేవాడు. ఇటలీలో నర్సుగా ఉన్న కూతురు సెలవులకు రమ్మని, అక్కడి రెండు గదుల ఫొటోలు పంపింది. నన్నూ వెంట తీసుకుపోయిన నెట్ సెంటర్‌లో ఆయన కొడుకు నేలమాళిగ గది చూపించి నవ్వాడు.

"చల్లగుంటది నాయినా. బాయి లెక్కనే, నీకు అలవాటే గద."

కాక నవ్వలేదు. "బతుకంత దిగిన. ఇంక దిగ. గా కింది గదే అయితే నేను పోనే పోను." నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా."

ద్రాక్షతోట వైపు పెద్ద కిటికీ ఉన్న మేడగది మీద వేలు పెట్టాను.

అక్కడికి చేరిన మర్నాడు కాక కొడుక్కి ఫోన్ చేసి నన్ను ఫోన్ దగ్గరికి పిలిపించాడు. పెట్టేసే ముందు ఆయన అన్న మాటకు నాకు ఇప్పటికీ గర్వమే.

"పొద్దు మంచం మీదికే వస్తున్నది బిడ్డా. కప్పు చూసుడే మర్చిపోయిన."