నడిచేవాళ్ల గడి

మా అత్తగారు ఇరవై రెండేళ్లు కూడళ్లలో కూర్చుని బళ్లు లెక్కపెట్టారు. కాగితం మీద బస్సుకో గడి, కారుకో గడి, నడిచేవాళ్లకో గడి. చేతిలో నొక్కితే అంకె పెరిగే కౌంటరు, దాన్ని బొటనవేలితో నొక్కడమే పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోదు. పొద్దుట్నుంచి నేనెన్నిసార్లు ఫోను చూశానో నాకు తెలియకపోయినా ఆవిడకు తెలుసు. ఒళ్లు మండేది. కానీ రోడ్డు ఎంత వెడల్పుండాలో, సిగ్నలు ఎంతసేపు వెలగాలో ప్రణాళికా కార్యాలయం వాళ్లు ఆ కాగితాలు చూసే తేల్చేవారు.

మా పాప బడి ముందు రోడ్డును బళ్లకు ఆరు వరసలు పట్టేలా వెడల్పు చేశారు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, సిగ్నల్లో నడిచేవాళ్ల పచ్చబొమ్మ వెలగగానే ముగ్గురం రోడ్డు మీదికి దిగాం. సగం దాటామో లేదో ఎర్రబొమ్మ పడింది. బస్సులు కదిలాయి. నేను పాప చెయ్యి పట్టుకుని అక్కడే ఆగిపోయాను. అత్తగారు అరచెయ్యి అడ్డంపెట్టి, అరుస్తూ మమ్మల్ని ఈడ్చుకుపోయారు.

అవతలి కాలిబాట ఎక్కాక చూస్తే ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పచ్చబొమ్మకు పన్నెండు సెకన్లేనే! ఈ పాపం నాదే."

"మీదేంటి అత్తయ్యా?"

"ఇక్కడ కిందటేడు సెలవుల్లో లెక్కపెట్టా. నడిచేవాళ్లు పద్నాలుగని రాశా. బడి మూసుందని కింద రాస్తానంటే, టైం లేదు, సంతకం పెట్టమన్నాడు సూపర్‌వైజరు. పోన్లే అని పెట్టేశా."

నాకు కోపం నసాళానికెక్కింది. కానీ కోపం కన్నా భయమే ఎక్కువ. రేపూ ఇదే రోడ్డు దాటాలి కదా.

ఆవిడ ఆ రోజే ఆఫీసుకెళ్లి తప్పు తనదని రాసిచ్చారు. మళ్లీ లెక్క తీసి సిగ్నలు మార్చడానికి మూడు వారాలు పడుతుందన్నాడు ఇంజనీరు. ఆవిడ ఉద్యోగం తీసేయడానికి మాత్రం గంట కూడా పట్టలేదు.

మర్నాటి నుంచి బడివేళకు అక్కడే కాపలా. ఇంట్లో ఉన్న పాత కౌంటర్లు రెండూ తెచ్చుకున్నారు. రోడ్డు మీదికి దిగిన పిల్లలకు ఒకటి, అవతల కాలిబాట ఎక్కినవాళ్లకు ఒకటి.

నాలుగో రోజు గుంపు దాటింది. పాప నా పక్కనే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

"దిగింది ముప్పై ఎనిమిది, ఎక్కింది ముప్పై ఏడు!" అని అత్తగారు కేకేశారు.

ఎర్రబొమ్మ పడిపోయింది. రోడ్డు మధ్యలో ఒక చిన్నపిల్ల ఊడిన బూటు కోసం వంగి ఉంది. మన పాప కాదులే అనుకుంది ముందు నా మనసు. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అత్తగారు కౌంటర్లు పారేసి పరుగెత్తారు. బస్సు కీచుమంటూ ఆవిడకు మూరెడు దూరంలో ఆగింది.

పిల్లను చంకనేసుకొచ్చి కాలిబాట మీద దించి, "ముప్పై ఎనిమిది" అన్నారు.

కిందపడ్డ కౌంటర్లలో ఒకటి నా చేతిలో పెట్టారు.

"సిగ్నలు మార్చడానికి ఇంకా పదిహేడు రోజులుంది. రేపట్నుంచి ఎక్కేవాళ్లను నువ్వు చూడు."