ఎడమ చేతి కొలత

మా నాన్న నాగళ్ళు చేసే మనిషి. నాకు గిటారు చేసిపెట్టమని అడిగితే పైనుంచి కింద దాకా చూసి, "ఏటే గుంటా, మతుండే మాట్లాడతన్నావా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే అటక మీంచి సిల్వర్ ఓక్ పలకలు రెండు దింపి వాకిట్లో పడేశాడు. ఆయన ఒప్పుకున్నాడంటే ఇంతే, నోటితో మాత్రం చచ్చినా చెప్పడు.

ఆ చెట్టు మా కాఫీ తోటలో నీడకని పెంచింది. గాలివానకి కూలి కాఫీ మొక్కల మీద పడితే, కోయించి పలకలు పొయ్యి మీది అటక ఎక్కించాడు. మా ఇళ్ళలో విత్తనాలైనా, నాగలి కర్రైనా ఆ పొగలోనే ఆరాలి. గిటారు పలకలకి కూడా మా వంటిల్లు వాసనే పట్టింది.

డుంబ్రిగుడ దగ్గర మా ఊరి చర్చిలో పాటలకి చిన్నప్పటి నుంచీ నేనే గిటారు వాయించేదాన్ని. రెండేళ్ళ కింద కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లో నా ఎడమ చెయ్యి పడింది. పళ్ళు అడ్డుపడ్డాయని నేను వేళ్ళు పెట్టాను, అవతల చక్రం తిప్పుతున్నది నాన్న. వేళ్ళు దక్కాయి గానీ చివరి రెండూ బిగుసుకుపోయాయి. నా పాత గిటారు నెక్, అదే ఎడం చేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడుగు కర్ర, లావు; తీగలు గట్టి. ఒక్క పాట వాయించేసరికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు సన్నంగా ఉంటాయి, మెల్లగా నొక్కితే చాలు. నెక్ కూడా నా చేతికి తగ్గట్టు సన్నంగా ఉంటే మళ్ళీ వాయించగలనని నా ఆశ. కొట్లో పట్టుకుని చూసినవేవీ సరిపడలేదు. అందుకే నాన్న మీద పడ్డాను.

చెయ్యి అలా అయిన దగ్గర్నుంచి నాన్న దాని వంక చూడ్డం మానేశాడు. టీ గ్లాసు ఇవ్వాలన్నా చుట్టూ తిరిగొచ్చి కుడి చేతికే ఇస్తాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఫోన్లో వీడియోలు చూస్తూ పని మొదలెట్టాం. "ఈడెవుడే, ఇన్ని మిషన్లెట్టుకుని ఇంతసేపు సేత్తన్నాడు?" అని నాన్న ప్రతి వీడియోకీ ఓ తిట్టు తిట్టేవాడు. పలకలు రెండూ పక్కపక్కన అతికించి బాడీ కోశాడు. తీగల చప్పుడు పట్టే పికప్‌లు కూర్చోడానికి ఉలితో గుంతలు తవ్వాడు, వైర్లకి బర్మాతో దారి చేశాడు. నెక్‌కి పాత గుమ్మం తాలూకు టేకు తీశాడు. దాని మధ్యన గాడి తీసి ఇనుప చువ్వ పెట్టాలి, లేకపోతే తీగల లాగుడికి నెక్ వంగిపోతుంది. "ఇదేదో ఎద్దుల్లేని నాగలిలాగుందే," అని నవ్వాడు. చువ్వ మీద ఇరుగుడు చెక్క పట్టీ అతికించి, పాత గిటారు మీంచి కొలతలు దింపి అడ్డంగా ఫ్రెట్లు, అంటే సన్నటి లోహపు కమ్మీలు, కొట్టాం.

ఇక మిగిలింది నెక్ వెనక గుండ్రం. నాగలికి చేత్తో పట్టుకునే మేడి చేసేటప్పుడు నాన్నకో పద్ధతుంది. దున్నే మనిషి కుడి పిడికిట్లో తడి మట్టిముద్ద పెట్టి బిగించమంటాడు, ముద్ద మీద పడిన పట్టుని బట్టి కర్ర చెక్కుతాడు. నాకూ ముద్ద తెచ్చాడు. నేను ఎడమ చెయ్యి చాపాను.

"కుడిది," అన్నాడు ఎటో చూస్తూ.

"నెక్ పట్టుకునేది ఎడం చేత్తో నాన్నా."

"రెండూ నీ సేతులే గదా. కొలత కుడిదే."

మొండి మనిషితో ఎవరు వేగుతారు? కుడి చేత్తోనే పట్టి ఇచ్చాను.

చెక్కాడు, గాజు పెంకుతో నున్నగా గీకాడు, బాడీకి నాలుగు స్క్రూలు బిగించాడు. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! తీగలు కట్టి పట్టుకున్నాను. నెక్ మేడిలా లావుగా ఉంది, నా బిగుసుకున్న వేళ్ళు తీగల దాకా రాలేదు. నాన్న ఇంటికప్పు వైపు చూస్తూ, "కర్ర సరిగ్గా ఆరలేదేమో," అన్నాడు.

అంతే, నాకు తిక్క రేగింది. "కర్రకేటీ అవ్వలేదు! రెండేళ్ళు నా చెయ్యి వంక చూడకుండా తిరిగావు. దెబ్బ నాకు తగిలితే మొహం నువ్వు దాచుకుంటావేటి? ఇది చెయ్యి కాదా?"

"ఓలమ్మో," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "ఈ గొంతు చర్చిలో తీస్తే మైకే అక్కర్లేదు."

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. అనవసరంగా నోరు పారేసుకున్నానా అనిపించింది. కాసేపటికి మట్టిముద్దతో తిరిగొచ్చి నా ఎదుట నేల మీద కూర్చున్నాడు. నా ఎడమ చెయ్యి ఆయనే అందుకున్నాడు. అరచేతిలో ముద్ద పెట్టి ఒక్కో వేలూ మూశాడు. చివరి రెండు వేళ్ళ దగ్గరికొచ్చి ఆగాడు.

"నొప్పెడతందేటే?"

"లేదు."

"సక్రం తిప్పింది నేనే గదే."

రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"నువ్వు తిప్పావు, నేను చెయ్యి పెట్టాను. అయిపోయింది నాన్నా. బేగి కానీ, మట్టి ఆరిపోతంది." ఇద్దరం ఏడ్చాం. మట్టి చేతులతో తుడుచుకునేసరికి ఇద్దరి మొహాలూ చూడాలి, అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

తీగలు విప్పి మళ్ళీ చెక్కాడు. ఎక్కువ చెక్కితే లోపలి చువ్వ బయటపడి నెక్ పనికిరాకుండా పోతుంది. అందుకని కొంచెం చెక్కడం, నా ఎడమ చేతికి పట్టించి చూడ్డం, మళ్ళీ కొంచెం చెక్కడం. నా వేళ్ళు ఎక్కడి దాకా వస్తున్నాయో ఆయనే వంగి చూసుకునేవాడు.

తీగలు మళ్ళీ కట్టాక చర్చి స్పీకరు అరువు తెచ్చి వాకిట్లో వాయించాను. రెండుచోట్ల తప్పాను. మూడోచోట కూడా తప్పేదాన్నేమో గానీ, చిటికెన వేలు ఎలాగో తీగని అందుకుంది. నేనేం పాట వాయిస్తున్నానో నాన్నకి పట్టనేలేదు. అది అయ్యేదాకా నా ఎడమ చేతి మీంచి కళ్ళు తిప్పలేదు.