సంచిలోనే ఉండిపోయిన సీసా

మా ప్రయోగశాలలో ఆమెను అందరూ ఆకులక్క అంటారు. ఆకులు ఆరబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి, చివరికి మిగిలిన చిక్కటి పసరును సీసాల్లోకి ఎత్తడం ఆమె పని. దోమకాటు జ్వరాలు తెచ్చే వైరస్‌ను ఆ పసరు అణచగలదేమో చూడడం నా పని. ఆమె చేతులకు ఎప్పుడూ ఆకుపచ్చ మరకే. "సబ్బులు అరిగిపోయాయి గానీ రంగు పోలేదు" అని తనే నవ్వేది.

చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో మా పరీక్ష జరుగుతుంది. పై వరసలో వైరస్ సోకిన కణాలు, కింది వరసలో ఏ రోగమూ లేని కణాలు ఉంటాయి. రెండింటికీ ఒకే పసరు వేస్తాం. పైన వైరస్ పోవాలి, కింద కణాలు బతకాలి. ఆ రోజు పై వరసలో వైరస్ జాడే లేదు. కింది వరస ఫలితం మర్నాడు గానీ రాదు. అయినా మేం ఆగలేక ఎగిరి గంతేశాం.

అప్పటికి ఆకులక్క తమ్ముడు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. సాయంత్రం ఆమెతో పాటు నేనూ వెళ్ళాను. మేం గుమ్మంలో ఉండగానే వాళ్ళమ్మ ఎదురొచ్చింది. పసరు సంగతి ఫోన్‌లో ముందే విన్నట్టుంది, చెంచా కూడా కడిగి సిద్ధంగా పట్టుకుంది.

"తెచ్చావా?"

ఆకులక్క సంచిలో చెయ్యి పెట్టింది. సీసా తెచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. పెట్టిన చెయ్యి బయటికి రాలేదు.

"రేపు చూద్దామమ్మా. కింది వరస ఇంకా చూడలేదు."

"వరసలేంటే? అవతల వాడి ఒళ్ళు కాలిపోతోంది. ఊరందరి కోసం నూరుతావు, తోడబుట్టినవాడికి చుక్క పొయ్యవా?"

 ఆకులక్క వెళ్ళి తమ్ముడి పాదాలు పట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ ఇక ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. నాకైతే ఆ తల్లి మీద కోపం రాలేదు. ఆ స్థితిలో నేనున్నా అదే మాట అనేదాన్ని.

మర్నాడు కింది వరస చూశాం. ఒక్క కణం కూడా బతికి లేదు. వైరస్ పోయింది మందు పనిచేసి కాదు, పసరు విషానికి కణాలే చచ్చి, అది ఉండడానికి చోటే మిగలక. నిన్నటి గంతులు తలుచుకుంటే సిగ్గేసింది. ఆకులక్క బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తమ్ముడు సెలైన్‌తో, నర్సుల కాపలాతో మెల్లగా తేరుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళే రోజు నేను చూడ్డానికి వెళ్తే, తల్లి ఇంకా ముఖం మాడ్చుకునే ఉంది.

"ఆ రోజే పోసుంటే ఇంతకు ముందే లేచేవాడు" అంది బట్టలు మడతపెడుతూ.

ఆకులక్క కింది వరస సంగతి చెప్పింది. మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. మడతపెడుతున్న చొక్కా తల్లి చేతిలో అలాగే ఉండిపోయింది. మంచం మీద కొడుకు అరటిపండు ఒలుచుకుంటూ ఏదో సినిమా సంగతి నాతో చెబుతున్నాడు. ఆమె వాణ్ణే చూస్తూ కూతురి చెయ్యి, ఆ మరకల చెయ్యి, గట్టిగా పట్టుకుంది.

"చెంచా పట్టుకుంది నేను కదే" అంది. "నా చేత్తోనే పోసేదాన్ని."