గుడియాత్తం పంబ, నా బస్సు నిమ్మకాయ

వేలూరు వెళ్తున్నానని చెప్పగానే మా తెనాలి వీధిలో నలుగురు చెయ్యి పట్టుకుని "ఏమైందమ్మా, డాక్టర్లేమన్నారు?" అని అడిగారు. మనవాళ్లకు వేలూరంటే ఆస్పత్రే. నాకే రోగమూ లేదు తల్లుల్లారా, ఉన్నదల్లా పంబ పిచ్చి! పోయినేడు చిత్తూరు దగ్గర ఒక జాతరలో విన్నాను. ఒకదానిపై ఒకటి కట్టిన జంట డోళ్లను నడుముకు తగిలించుకుని, చేత్తోనూ పుల్లతోనూ వాయిస్తారు. వింటుంటే ఒళ్లు జలదరించింది. వాయించిన గోవిందప్ప "మాది గుడియాత్తం పక్కనమ్మా, ఒకతూరి రా" అన్నాడు. మర్యాదకే అన్నాడేమో, నేను మాత్రం ఒంటరిగా బయల్దేరాను.

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాట్పాడి. అక్కడి నుంచి వేలూరు బస్టాండు అరగంట. ఇడ్లీ తిని గుడియాత్తం బస్సెక్కాను. టికెట్టు యాభై లోపే, ప్రయాణం గంట పైచిలుకు. నాకు బస్సు పడదు, అందుకే నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకునే కూర్చుంటాను. గుడియాత్తంలో మారి, గోవిందప్ప ఊరికి గులాబీ రంగు టౌన్ బస్సెక్కితే కండక్టరు డబ్బు తీసుకోలేదు. ఆడవాళ్లకు ఉచితమట. నేను ఆంధ్రా నుంచి వచ్చానన్నాను. "యా ఊరైతే ఏమమ్మా, ఆడమనిషివే కదా!" అన్నాడు.

గోవిందప్ప ఇంటికి చేరేసరికి ఆయన భార్య కుప్పమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముఖం మాడ్చుకుని ఉంది. "ఈ పొద్దు కట్చి కూటం ఉండాది. నేను మాత్రం పోగూడదంట," అంది. కట్చి కూటమంటే పార్టీ సభ. ఎందుకు పోకూడదని అడిగాను.

"పోయిన కూటంలో దేవుడు ల్యాడని వేదిక పైన ఒకాయన మాట్లాడతా ఉండాడు. కింద మేము గంగమ్మ దెబ్బ వేసినాము. ఈమెకు అమ్మ వచ్చేసింది!" అన్నాడు గోవిందప్ప.

గంగమ్మ దెబ్బంటే అమ్మవారిని పిలిచే దరువు, అమ్మ రావడమంటే పూనకం. నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. "జాతరలు ఏడాదికి ఒగ నెల. మిగతా నెలలు మాకు కూడు పెట్టేది కట్చోళ్లేనమ్మా. ఇంగొకతూరి అట్లయితే వేరే మేళాన్ని పిలుస్తామని దేవరాజులు చెప్పేసినాడు." దేవరాజులు ఆ పార్టీ ఊరి కార్యదర్శి. బజారులో లుంగీల కొట్టు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అందుకే ఈసారి అమ్మవారిని పిలిచే దెబ్బ వేయకూడదు, కుప్పమ్మ రాకూడదు. ఇంటి కూడు దాని మీదే ఆధారపడి ఉంది.

సాయంత్రం మైదానమంతా జెండాలు, ప్లాస్టిక్ కుర్చీలు. నలుగురు పంబవాళ్లు ఊరేగింపు దెబ్బలు వేస్తుంటే లుంగీలు ఎగ్గట్టిన మగవాళ్లు చేతులెత్తి చిందులేశారు. నా భుజాలూ ఊరుకోలేదు. రావలసిన నాయకుడు మాత్రం రాలేదు. చీకటి పడుతుండగా జనం లేచి పోసాగారు. దేవరాజులు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"కుర్చీలు ఖాళీ అవతా ఉండాయప్పా. ఆ గంగమ్మ దెబ్బే వెయ్యి!"

"నువ్వే గదా వద్దంటివి?"

"ఇప్పుడు నేనే చెప్తా ఉండా. వెయ్యప్పా, మానం పోతాది!"

గోవిందప్ప పంబ సవరించుకుని మొదలుపెట్టాడు. నెమ్మదిగా మొదలై వేగం అందుకుంది. దానితో పాటు గంగమ్మ కొప్పు నుంచి కాలి అందెల దాకా వర్ణిస్తూ పాట. అదీ తెలుగులో! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లినవాళ్లు వెనక్కొచ్చారు, పిల్లలు తండ్రుల భుజాలెక్కారు. అప్పుడు ముందు వరుసలో ఒక ముసలామె జుట్టు విరబోసుకుని ఊగుతూ లేచింది. సాక్షాత్తూ దేవరాజులు తల్లి!

గోవిందప్ప ముఖం పాలిపోయింది. ఇక వీళ్ల పని అయిపోయిందనుకున్నాను. దేవరాజులు వేదిక దిగి పరిగెత్తి, పార్టీ కండువాను తల్లి నడుముకు చుట్టి పట్టుకున్నాడు. "నిమ్మకాయ! ఎవురి దగ్గరైనా నిమ్మకాయ ఉండాదా?" నా సంచిలోది తీసిచ్చేశాను. అది తల్లి చేతిలో పెట్టి దండం పెట్టాడు. "ఏం గావాలమ్మా, చెప్పు తల్లీ!"

ముసలామె గుడ్లురిమింది. "పంబోళ్లకు అన్నం పెట్టినావురా?"

పెట్టలేదు. టీ నీళ్లయినా ఇవ్వలేదు. "ఇప్పుడే పెడతా తల్లీ," అన్నాడు దేవరాజులు, చెంపలు వేసుకుంటూ. ఆమె నిమ్మకాయ గుప్పిట్లో పట్టుకుని కుర్చీలో కూలబడింది. కాసేపటికి వచ్చిన నాయకుడు కిక్కిరిసిన జనాన్ని చూసి మురిసిపోయాడు. వేదిక వెనక దేవరాజులే స్వయంగా బిర్యానీ వడ్డించాడు. "వచ్చే కూటానికీ మీరే రావల్ల," అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "కుప్పమ్మక్కను గూడా తోడుకోని రా. మాయమ్మకు తోడుంటాది," అన్నాడు.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. జరిగింది విని కుప్పమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నన్ను ఇంట్లో కూచోబెడితే ఆ గంగమ్మకు వేరే ఒళ్లు దొరకదా?" నాకు మాత్రం ఒకటే గుబులు. నేను దారంతా వాసన చూసిన కాయను అమ్మవారికిచ్చానే! ఆ మాటే చెబితే, "ఆయమ్మా బస్సెక్కే వచ్చిందనుకో పో," అంది.

పరాయి ఊళ్లో కొత్త సంగీతం వినాలని వెళ్లాను. అర్థం కాని తమిళ పాట వింటానేమో అనుకుంటే, మా అమ్మమ్మ ఎరిగిన మాటలే నాకంటే ముందు అక్కడికి చేరి కూర్చున్నాయి. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. బస్సు పడకపోతే నిమ్మకాయలు రెండు తీసుకెళ్లండి. ఒకటి వాసన చూడండి. రెండోదాని వాసన మాత్రం చూడకండి.